నల్లపావుల బాబాయ్

విజయవాడ నుంచి మా తిరువూరు వచ్చే బస్సులో కండక్టరు నా టికెట్టు చింపుతూ, "మీ నల్లపావుల బాబాయ్ పోయారండి, మొన్న ఆదివారం" అన్నాడు. అని, వెంటనే వెనక సీట్ల వైపు తిరిగి, "ఆ కోళ్ళబుట్ట ఎవరిదండీ, పైన పెట్టించండి" అన్నాడు.

ఒక మనిషి చావుకబురుకీ కోళ్ళబుట్టకీ మధ్య ఊపిరి పీల్చుకునేంత వ్యవధి కూడా ఇవ్వలేదు. బాబాయ్ వింటే సంతోషించేవారు. తన గురించి ఎవరైనా రెండు ముక్కలకు మించి మాట్లాడితే ఆయన తువ్వాలు దులుపుకుని లేచిపోయే రకం.

ఆయన నాకు బాబాయేమీ కాదు. మా నాన్నకు తమ్ముళ్ళు లేరు. ఉన్నా అంత నెమ్మదైన మనిషి మా వంశంలో పుట్టే అవకాశం లేదు. ఊరంతా అలా పిలిచేది, నేనూ పిలిచాను. చదరంగంలో ఎప్పుడూ నల్లపావులే తీసుకునేవారు కనుక ముందు ఆ విశేషణం చేరింది.

ఆయన వృత్తి మామిడితోటలు గుత్తకు పట్టడం. రెడ్డిగూడెం వైపు తోటలు పూతమీద ఉండగానే రైతుతో మాట్లాడుకుని, ఆ పూత పిందె అయి, పిందె కాయ అయ్యేదాకా ఆకాశం వంక చూస్తూ బతకాలి. మంచు ఎక్కువైతే పూత మాడిపోతుంది. తేనెమంచు పురుగు పడితే నల్లబడుతుంది. అన్నీ దాటుకుని కాయ నిలబడితే, ఎండాకాలంలో ఒక గాలిదుమారం వచ్చి అరగంటలో తోటంతా కింద పరిచిపోతుంది. మా ఊళ్ళో పేకాడేవాళ్ళని జూదగాళ్ళంటారు గానీ, తోటలు పట్టేవాళ్ళ ముందు వాళ్ళు పసిపిల్లలు.

అలాంటి మనిషి చదరంగం బల్లముందు కూర్చుంటే మాత్రం పొరపాటున కూడా సాహసం చేసేవారు కాదు. ఆయన ఆట చూడటమంటే గోడకు సున్నం ఆరుతుంటే చూడటమే. నేను ఈ మాట ఆయన ముందే అన్నాను. "ఆరనీ, తడిగోడకి ఆనుకుంటే చొక్కా పాడవుద్ది" అన్నారు.

ఎక్కడో మంచుదేశంలో ఒక రష్యావాడూ ఒక అమెరికావాడూ చదరంగం ఆడుకుంటున్నారని రేడియో రోజూ చెప్పిన ఏడాది అది. పత్తి రేటు తప్ప మరో వార్త పట్టని మా ఊరు కూడా ఉన్నట్టుండి చదరంగం మీద పడింది. రీడింగ్ రూము వరండాలో ఒక బల్ల వేశారు. పావులు ఎవరో అటకమీద నుంచి తీసిచ్చారు. అందులో ఒక నల్లగుర్రం లేదు. దాని స్థానంలో మందుసీసా బిరడా పెట్టుకుని ఆడేవాళ్ళం. బిరడా గుర్రంలా దూకడం చూసి కొత్తవాళ్ళు కంగారుపడేవారు. మాకు అలవాటైపోయింది.

మరుసటి వేసవికి నాకు ఇరవయ్యొకటి. బి.ఎ.లో ఇంగ్లీషు పేపరు ఒకటి మిగిలిపోయి ఉంది. ఖాళీగా ఉన్నవాడికి చదరంగాన్ని మించిన ఉద్యోగం లేదు. నా ఆట మొత్తం మెరుపుదాడి. గుర్రాన్ని బలిచ్చి, శకటుని బలిచ్చి, మంత్రితో రాజు మీద పడేవాణ్ణి. చూసేవాళ్ళు ఆహా అనేవారు. తర్వాత నేను ఓడిపోయేవాణ్ణి. ఆహాలు మిగిలేవి.

ఒక సాయంత్రం అలా ఓడి లేస్తుంటే బాబాయ్ తన క్యారేజీలోంచి ఒక బంగినపల్లి పండు తీసి నా చేతిలో పెట్టారు. అది ఆయన పద్ధతి. కాయల కాలంలో ఓడినవాడికి పండు, గెలిచినవాడికి పచ్చికాయ. ఆ లెక్కన ఆ వేసవి నేను తిన్నన్ని పండ్లు తోట యజమానులు కూడా తిని ఉండరు.

"రోజూ పండ్లు మేపలేను గానీ, కూర్చో, ఒక ఆరంభం చెప్తా" అన్నారు.

నల్లపావులతో ఎలా మొదలుపెట్టాలో ఆయన నేర్పింది ఒకటే. ఎదుటివాడు రాజు ముందున్న బంటుని రెండు గళ్ళు తోస్తాడు. ఊళ్ళో అందరూ చేసేది అదే. మనం మంత్రి పక్కనున్న శకటు ముందు బంటుని ఒక్క గడి జరపాలి.

"ఒక్కటేనా? రెండు పోవచ్చుగా బాబాయ్?"

"పోవచ్చు. పోయి ఏం చేస్తావు?"

నేను బంటుని ఒక్క గడే జరిపాను.

"అది పునాదిరాయి. ఇప్పుడు మంత్రి ముందు బంటుని రెండు గళ్ళు తీసుకెళ్ళి వాడి బంటుకి ఎదురుపెట్టు. వాడు దీన్ని కొడితే వెనకున్న ఆ చిన్నది వాణ్ణి కొడుతుంది. తర్వాత మంత్రి పక్క శకటుని బయటికి పంపు. అది బయటికెళ్ళాకే రాజు ముందు బంటుని ఒక్క గడి జరిపి తలుపెయ్యి. ముందే తలుపేస్తే పాపం ఆ శకటు ఆటంతా గదిలోనే ఉండిపోద్ది, పెళ్ళింట్లో గొళ్ళెం పడ్డ తాతగారిలాగా."

"దీంట్లో మజా ఎక్కడుంది బాబాయ్?"

"మజా ఎదుటివాడిదిరా. మనది కుదురు."

ఎత్తు వేయబోయే ముందు ఆయన పావు నెత్తిన బొటనవేలు ఆనించి మెల్లగా నొక్కేవారు. పండు మాగిందో లేదో చూసే నొక్కుడు అది. నచ్చకపోతే వేలు తీసేసి ఇంకో పావుని నొక్కేవారు. అలా ఒక్కోసారి తన పదహారు పావులూ నొక్కి, చివరికి మొదట నొక్కినదాన్నే జరిపేవారు. ఎదుటివాడు ఈలోగా వెళ్ళి టీ తాగి రావచ్చు. వచ్చేవారు కూడా.

"ఈ ఆట మీకెవరు నేర్పారు?" అని ఒకరోజు అడిగాను.

కుర్రతనంలో ఆయనకు ఊపిరితిత్తుల జబ్బు చేసి నెలల తరబడి ఆస్పత్రిలో ఉన్నారట. పక్కమంచం మీద ఒక అరవ రైల్వే గుమాస్తా. ఆయన దగ్గర చదరంగం పెట్టె ఉంది. ఇద్దరూ మంచాల మధ్య స్టూలు వేసుకుని ఆడేవాళ్ళు. మొదట్లో బాబాయ్ కూడా నాలాగే దూకుడు. సాయంత్రం డాక్టరు వచ్చి నాడి చూస్తే గుర్రప్పందెంలా ఉండేదట.

"డాక్టరు ఏమన్నాడో తెలుసా? ఆడితే ఆడుకో, గెలవడానికి మాత్రం ఆడకు అన్నాడు. అప్పుడు ఆ గుమాస్తా ఈ ఆరంభం చూపించాడు. వారం తిరక్కుండా నాడి సర్దుకుంది."

చదరంగాన్ని పథ్యంగా వాడిన మనిషిని నేను ఆయన్నొక్కరినే చూశాను. ఇన్నేళ్ళు గడిచినా ఆ పథ్యం వదల్లేదు. ఆయన ఆటలు నూటికి తొంభై డ్రా. మిగతావి ఎదుటివాడు విసిగిపోయి తప్పుచేస్తే వచ్చిన గెలుపులు. అలా గెలిచినప్పుడు బాబాయ్ కాస్త సిగ్గుపడేవారు, అడక్కుండా ఎవరింట్లోనో భోంచేసినట్టు.

ఇంతలో రీడింగ్ రూముకి కొత్త ప్రెసిడెంటు గారొచ్చారు. రైసుమిల్లు ఆయనది. పొద్దస్తమానం మిల్లు హోరులో ఉండే మనిషి కావడంతో నిశ్శబ్దం అంటే అనుమానం. ఒకరోజు వరండాలోకి వచ్చి మమ్మల్ని కాసేపు చూశారు.

"ఏంటయ్యా ఇది, శవం దగ్గర కూర్చున్నట్టు. క్యారమ్స్ వేయిస్తాను. టకటకా శబ్దమొస్తుంది, ఊళ్ళో కుర్రాళ్ళు ఆడుతున్నారని రోడ్డుమీదికి తెలుస్తుంది."

హిందీ పంతులుగారు లేచి నిలబడ్డారు. ఆయన మా హైస్కూల్లో హిందీ చెప్పేవారు, వరండాలో నా తర్వాత అంత ఘనంగా ఓడిపోయేది ఆయనే. "శ్రావణంలో నూజివీడు కాలేజీ కుర్రాళ్ళు పోటీకి వస్తున్నారండి. అప్పటిదాకా ఉంచండి" అని బతిమాలారు.

"పోయినసారి ఏమైంది?"

"ఓడిపోయామండి."

"ఈసారి గెలిస్తే బల్ల ఉంటుంది. లేకపోతే క్యారమ్స్" అని ప్రెసిడెంటు గారు వెళ్ళిపోయారు.

మాకేమీ పెద్ద నష్టం లేదు. పంతులుగారికి ఇల్లుంది, నాకు ఇంగ్లీషు పేపరుంది. బాబాయ్ మాత్రం ఆ సాయంత్రం బిరడాని చేతిలో పట్టుకుని చాలాసేపు కూర్చున్నారు. కాయలకాలం అయిపోయాక ఆయన ప్రతిరోజూ తన పల్లె నుంచి నాలుగింటి బస్సుకి వచ్చి, ఆఖరి బస్సుకి వెళ్ళేవారు.

"ఈ బల్ల తీసేస్తే నేను ఇంటి అరుగుమీద కూర్చుని మబ్బులు చూడాలిరా. మబ్బు చూస్తే వచ్చే ఏడు పూత గుర్తొస్తుంది. పూత గుర్తొస్తే నిద్రపట్టదు. మీ పిన్నే రోజూ క్యారేజీ కట్టి పంపిస్తుంది, పొండి, పోయి ఆడుకోండి అని."

నేను పావులు పేర్చడం మొదలుపెట్టాను. "అయితే ఆ శకటు సంగతి ఇంకోసారి చెప్పండి" అన్నాను.

వానలు మొదలైన దగ్గర్నుంచీ సాధన చేశాం. నేను రోజుకొకసారి గుర్రాన్ని బలివ్వబోయేవాణ్ణి, ఆయన నా మణికట్టు పట్టుకునేవారు. "మాగనీ" అనేవారు. అసలు కష్టం వేరే ఉంది. మా ఊరి ఆటలో రాజుకి ఒక హక్కుంది. అప్పటిదాకా ఎదుటివాడు తనకి షా చెప్పకపోతే ఆటలో ఒక్కసారి గుర్రంలాగా దూకొచ్చు. ప్రమాదం రాగానే రాజుని దూకించి పక్కకు తప్పించడం మాకు తుమ్మువచ్చినంత సహజం. బయటి పోటీల్లో ఈ దూకుడు చెల్లదు. రాజు, ఏనుగు కలిసి కోట కట్టుకోవాలి, అంతే. పోయినసారి ఓడింది కూడా ఇందుకే. పంతులుగారు రాజుని దూకించి, అది చెల్లదంటే అలిగి లేచిపోయారు.

అందుకని బాబాయ్ మాచేత రోజూ వల్లె వేయించారు. "రాజు దూకడు. అనండి." మేమిద్దరం అనేవాళ్ళం, ఎక్కాలు చెప్పినట్టు. "ముట్టుకున్న పావు జరపాల్సిందే. అనండి." ఈ రెండోది ఆయనకే గండం. బొటనవేలి నొక్కుడు అక్కడ పనికిరాదు కదా. చివరి వారం ఆయన రెండు చేతులూ తొడలకింద పెట్టుకుని ఆడారు. ఎత్తు వేయాల్సినప్పుడు ఒక చేతిని బయటికి తీసి, జరిపి, మళ్ళీ లోపల పెట్టేసేవారు.

పోటీ రోజు ఆదివారం, సన్నటి జల్లు. నూజివీడు నుంచి నలుగురు రావాలి. ఒకడికి బస్సు పడక మైలవరంలో దిగిపోయాడట. ముగ్గురొచ్చారు, మేమూ ముగ్గురమే. వాళ్ళ వెంట బుష్‌కోటు వేసుకున్న లెక్చరరు. తీర్పు ఆయనదే. బోర్డులు వాళ్ళే తెచ్చుకున్నారు. నాలుగు గుర్రాలూ గుర్రాల్లాగే ఉండటం చూసి మాకు కాస్త బెదురు పుట్టింది.

నేను నల్లపావులతో ఆ ఆరంభమే ఆడాను. ఒక్క గడి, ఎదురుపెట్టడం, శకటు బయటికి, తలుపు. ఎదుటి కుర్రాడు చుట్టూ తిరిగాడు, ఎక్కడా సందు దొరకలేదు. చివరికి చెయ్యి చాపి డ్రా అన్నాడు. నా జీవితంలో మొదటిసారి ఒక ఆటలో ఎవరూ ఆహా అనలేదు. ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

అంతకంటే వింత, పంతులుగారు గెలిచారు. ఆయన ఎదుటి కుర్రాడు మిరపకాయ బజ్జీ కొరికి, కారం నషాళానికంటి, కళ్ళనీళ్ళతో మంత్రిని శకటు నోట్లో పెట్టాడు. పంతులుగారు ఆ మంత్రిని తీసుకోవాలా వద్దా అని చాలాసేపు ఆలోచించారు. తనకి అలాంటివి జరగవని ఆయన నమ్మకం.

గెలుపుకి ఒకటి, డ్రాకి అర. మాకు ఒకటిన్నర వచ్చింది, వాళ్ళకి అర. బాబాయ్ కూడా డ్రా చేస్తే పోటీ మాది, బల్ల మాది. ఆయన జన్మంతా చేసింది అదే. ఇంతకంటే నిక్షేపంలాంటి పరిస్థితి ఉండదని నేను వెళ్ళి ఇంకో బజ్జీ తెచ్చుకున్నాను.

వచ్చేసరికి బాబాయ్ గోడ పూర్తయింది. బంట్లు ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి. శకటు బయట పహారా కాస్తోంది. ఆయన చేతులు తొడలకింద భద్రంగా ఉన్నాయి. ఎదురుగా బెల్‌బాటం పాంటు వేసుకున్న కుర్రాడు, వాళ్ళలో మొనగాడట, బల్లమీద మోచెయ్యి ఆనించి, దవడ చేతిలో పెట్టుకుని, నోరంతా తెరిచి ఆవలించాడు.

బాబాయ్ తలెత్తి ఆ ఆవలింత మొత్తం చూశారు. తర్వాత కుడిచెయ్యి బయటికి తీశారు. రాజుని పట్టుకున్నారు. గుర్రంలాగా దూకించి, ఒక పక్కగా పెట్టి, చెయ్యి మళ్ళీ తొడకింద పెట్టుకున్నారు.

కుర్రాడి నోరు మూతపడింది. పంతులుగారు కళ్ళజోడు తీసేశారు.

"ఇదేం ఎత్తండీ?" అన్నారు లెక్చరరు గారు.

"మా ఊళ్ళో ఉందండి" అన్నారు పంతులుగారు.

"మీ ఊళ్ళో ఉంటే మీ ఊళ్ళో ఆడుకోండి."

"ఇది మా ఊరేనండి."

లెక్చరరు గారు కాసేపు ఆలోచించి, ఆ వాదన వదిలేసి, నిబంధన చెప్పారు. రాజు వెనక్కి రావాలి. ముట్టుకున్నారు గనుక ఇప్పుడు రాజునే జరపాలి. ఇక కోట కట్టే హక్కు లేదు.

ప్రెసిడెంటు గారు నా చెవిలో అడిగారు. "ఏమైందయ్యా, ఓడిపోయామా?"

"ఇంకా లేదండి."

"మరి అందరూ ఎందుకలా నిలబడ్డారు?"

"ఓడిపోతామేమోనండి."

"అప్పుడు నిలబడండి" అని ఆయన కుర్చీలో కూర్చున్నారు.

బాబాయ్ రాజుని ఒక గడి ముందుకు జరిపారు. తన శకటుకే అడ్డంగా, గుమ్మంలో పీట వేసుకుని కూర్చున్న ఇంటాయనలాగా నిలబడ్డాడు రాజు. కుర్రాడు ఇప్పుడు నిటారుగా కూర్చున్నాడు. ఏనుగులు వచ్చాయి, గుర్రాలు వచ్చాయి, మంత్రి వచ్చింది. నేనైతే ఆ స్థితిలో లేచి ఇంటికెళ్ళిపోయేవాణ్ణి. కానీ వాళ్ళు లోపలికి రావాలంటే ముందు గోడ పడాలి, ఆ గోడ పడలేదు. మొదట్లో ఒక్క గడి జరిపిన ఆ చిన్న బంటు అక్కడే ఉంది. దాన్ని ఆనుకుని రెండోది, రెండోదాన్ని ఆనుకుని మూడోది. రాజు గుమ్మంలోనే కూర్చుని యుద్ధమంతా చూశాడు.

వాన పెరిగింది. పెట్రోమాక్సు వెలిగించారు. బజ్జీలు అయిపోయాయి, అది చాలామందికి నిజమైన విషాదం. చివరికి బల్లమీద రెండు రాజులూ, తలకు తల ఆనించుకుని కదల్లేని బంట్లూ మిగిలాయి. కుర్రాడు చెయ్యి చాపాడు. బాబాయ్ తొడకింద నుంచి చెయ్యి తీసి, తువ్వాలుతో తుడుచుకుని, ఇచ్చారు.

"గెలిచామా?" అన్నారు ప్రెసిడెంటు గారు.

"గెలిచామండి."

"ఈయన గెలిచాడా?"

"ఈయన డ్రా అండి. గెలిచింది పంతులుగారు."

ప్రెసిడెంటు గారు పంతులుగారికి దండ వేశారు. పంతులుగారు దండలోంచి దిక్కులు చూశారు. బాబాయ్ ఈలోగా నూజివీడు వాళ్ళకి తలా ఒక మామిడి తాండ్ర చుట్ట ఇస్తున్నారు. నూజివీడు వాళ్ళకి మామిడి తాండ్ర ఇవ్వడం చేపకి నీళ్ళు పొట్లం కట్టి ఇవ్వడమే. వాళ్ళు మర్యాదగా తీసుకున్నారు.

ఆయన్ని బస్టాండు దాకా దింపడానికి గొడుగు పట్టుకుని వెళ్ళాను.

"ఏంటి బాబాయ్ ఆ దూకుడు? మాచేత నెలలు వల్లె వేయించి మీరే మర్చిపోయారా?"

"మర్చిపోలేదురా."

"మరి?"

గొడుగు మీద వాన పడుతోంది.

"ఆ పిల్లాడు ఆవలించాడు చూశావా? ఊళ్ళోవాళ్ళు నా ఆటకి రోజూ ఆవలిస్తారు, అది వేరు. వాడు వానలో రెండు బస్సులు మారి వచ్చాడు. మనింటికొచ్చినవాణ్ణి అలా కూర్చోబెట్టి ఉసూరుమనిపిస్తే బాగుండదనిపించింది. ఏదో ఒకటి చూపిద్దామని..."

"బల్ల పోయేది బాబాయ్."

"పోయేదే. జరిపాక గుర్తొచ్చింది."

బస్సు వచ్చి నిలబడింది. ఎక్కబోతూ ఆగి, తన మణికట్టు నా ముందు పెట్టారు. "చూడు, ఎట్లా కొట్టుకుంటుందో." పట్టుకు చూశాను. గంతులేస్తోంది. ఆ చీకట్లో ఆయన ముఖం, మొదటి కోతలో బుట్టలు నిండిన రోజు ఎలా ఉంటుందో అలా ఉంది.

"డాక్టరు చూస్తే తిట్టేవాడు" అన్నారు. బస్సు కదిలింది.

ప్రెసిడెంటు గారు మాట నిలబెట్టుకున్నారు. బల్ల ఉంచారు. దాని పక్కనే క్యారమ్స్ కూడా వేయించారు. ఆ పౌడరు మా పావులమీద పడి కొన్నాళ్ళకి నల్లవేవో తెల్లవేవో తెలిసేది కాదు. ఫరవాలేదన్నారు బాబాయ్. ఆ టకటకల్లో తన ఆట మరీ అంత నెమ్మదిగా అనిపించడం లేదట. తర్వాత కూడా ఆయన నాలుగింటి బస్సుకి వచ్చి ఆఖరి బస్సుకి వెళ్ళారు, కాయలకాలంలో మాత్రం వీలైన రోజునే. నేను ఇంగ్లీషు పేపరు పూర్తిచేసి విజయవాడలో గుమాస్తా అయ్యేదాకా చూశాను. నేను వెళ్ళాక కూడా అలాగే జరిగిందని కండక్టరు చెప్పాడు. పోయిన శనివారం కూడా వచ్చి వెళ్ళారట.

బస్సు దిగి ఇంటికి వెళ్ళకుండా రీడింగ్ రూముకి వెళ్ళాను. పంతులుగారు ఒక్కరే బల్ల దగ్గర కూర్చుని ఉన్నారు. నన్ను చూసి పావులు పేర్చారు. ఇద్దరికీ నల్లవే కావాలి. కాసేపు మర్యాదలయ్యాక పెద్దవారు గనుక ఆయనే తగ్గి, తెల్లవి తీసుకున్నారు. బిరడాని దాని గడిలో నేను పెట్టాను.

ఆయన రాజు ముందు బంటుని రెండు గళ్ళు తోశారు. నేను ఒక్క గడి జరిపాను. ఎదురుపెట్టాను. శకటుని బయటికి పంపి తలుపేశాను. గోడ కట్టుకుంటూ కూర్చున్నాను. పక్కన క్యారమ్స్ కుర్రాళ్ళు ఎర్రకాయ కోసం దెబ్బలాడుకుంటున్నారు. అంతా సవ్యంగా ఉంది, అలాగే సాగితే ఇద్దరం డ్రా చేసుకుని భోజనాలకు వెళ్ళొచ్చు.

పంతులుగారు నోరు తెరిచి ఆవలించడం మొదలుపెట్టారు.

నేను రాజు నెత్తిన బొటనవేలు ఆనించి నొక్కి చూశాను. తర్వాత గుర్రంలాగా దూకించాను. మా ఊరి నిబంధనల ప్రకారం అది చెల్లుతుంది.

ఆవలింత సగంలో ఆగిపోయింది.